నీటికాసులు: ఆగితే పోయే చూపు



అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లను "కన్ను చూపించుకున్నావా?" అని అడిగితే, చాలామంది నోట వచ్చే జవాబు "ఇంకా పండలేదు" అని. వాళ్లు చెప్పేది శుక్లం సంగతి. శుక్లం ముదిరాక ఆపరేషన్ చేయించుకుంటే చూపు వస్తుంది, అందాకా ఫరవాలేదు అన్న ధైర్యం ఆ మాటలో ఉంది. ఆ ధైర్యం ఊరికే రాలేదు. చెరుకు నరకడం అయ్యాక, బెల్లం వంటలు ముగిశాక, ఇంట్లో పెళ్లి గట్టెక్కాక తీరిక చూసుకుని వెళ్లినవాళ్లకు కూడా డాక్టర్లు లెన్సు వేసి చూపు తెప్పించారు. ఊరూరా అందరూ అది కళ్లారా చూశారు. దాంతో కంటి జబ్బు ఏదైనా సరే, ఎప్పుడు వెళ్లినా నయమవుతుందన్న నమ్మకం మనలో పాతుకుపోయింది.

ఒక్క జబ్బు దగ్గర మాత్రం ఆ నమ్మకం మనిషిని నిలువునా ముంచుతుంది. అదే నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. శుక్లం వల్ల తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ దేశానికి తీసుకెళ్లినా, ఎన్ని లక్షలు పోసినా తిరిగి రాదు. మళ్లీ తెచ్చుకోలేని అంధత్వానికి ప్రపంచంలో మొదటి కారణం ఇదే. మన దేశంలో 40 ఏళ్లు దాటినవారిలో కోటి మందికి పైగా ఈ జబ్బు ఉందని నిపుణుల అంచనా. కంటి వైద్యుడిగా ఈ కొద్దిసేపట్లో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చూపు తగ్గిందని తెలిశాక వెళితే ఈ జబ్బుకు ఆలస్యమైపోయినట్టే. చూపు బాగున్నప్పుడే వెళ్లి దీన్ని కనిపెట్టించుకోవాలి.

ముందు కంటి లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

కంటి ముందుభాగంలో పలుచని నీరు నిత్యం ఊరుతూ ఉంటుంది. ఏడిస్తే కారే కన్నీరు వేరు, అది కంటి పైన ఉండేది. నేను చెప్పే నీరు కంటి లోపలిది, బయటికి కనబడదు. అది కంటి లోపలి భాగాలకు పోషణ అందించి, నల్లగుడ్డు అంచు చుట్టూ ఉన్న సన్నని కోణం దగ్గరికి చేరి, అక్కడి సూక్ష్మమైన రంధ్రాల గుండా బయటికి పోయి రక్తంలో కలుస్తుంది. ఎంత ఊరుతుందో అంతా పోతూ ఉండాలి. శారదా నది కాలువ కింద మడి చేసే రైతుకు దీన్ని వివరించక్కర్లేదు. పైనుంచి నీరు వస్తూనే ఉండి, కింది తూము పూడుకుపోతే మడిలో ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. మడికైతే తెగడానికి గట్టు ఉంది. కంటికి అదీ లేదు. పెరిగిన ఒత్తిడంతా వెళ్లి కంటి వెనక ఉన్న నరం మీద పడుతుంది.

ఆ నరంలో పది లక్షలకు పైగా అతి సన్నని పోగులుంటాయి. మనం చూసే ప్రతి దృశ్యం ఆ పోగుల మీదుగానే మెదడుకు చేరుతుంది. ఒత్తిడికి అవి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చచ్చిన పోగు మళ్లీ మొలవదు. పోయిన చూపు రాదని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

కంటి ఒత్తిడి, అంటే కంటి ప్రెషర్, మామూలుగా 10 నుంచి 21 వరకు ఉంటుంది. దీన్ని పాదరసం మిల్లీమీటర్లలో లెక్కిస్తారు. బీపీ వేరు, ఇది వేరు. "నాకు బీపీ లేదు బాబూ, మరి కంటికి ప్రెషర్ ఎలా వస్తుంది?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. బీపీ లేకపోయినా కంటి ప్రెషర్ పెరగవచ్చు. బీపీ ఉన్నా కంటి ప్రెషర్ మామూలుగా ఉండవచ్చు. చేతికి పట్టీ కట్టి చూస్తే కంటి ప్రెషర్ తెలియదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రెషర్ 21 లోపే ఉన్నా కొందరిలో నరం దెబ్బతింటుంది. అందుకే ప్రెషర్ ఒక్కటే చూసి "ఏమీ లేదు" అని చెప్పేస్తే సరిపోదు. నరాన్ని కూడా చూడాలి.

ఇప్పుడు చూపు ఎలా పోతుందో చెబుతాను. నీటికాసుల్లో ఎక్కువగా కనిపించే రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. చూపు ముందుగా పోయేది మధ్యలో కాదు, పక్కల. అక్షరాలు చదివేది, ముఖాలు గుర్తుపట్టేది, సూదిలో దారం ఎక్కించేది మధ్యచూపుతో. అది చివరిదాకా నిలుస్తుంది. అందుకే గోడ మీది అక్షరాల పలకలో చివరి వరుస దాకా గడగడా చదివినవాడికి కూడా పక్కచూపు సగం పోయి ఉండవచ్చు. పైగా ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను కప్పేస్తుంది. మిగిలిన ఖాళీని మెదడే పూరించుకుంటుంది. నల్లని మచ్చ ఏదీ ఎదురుగా కనబడదు. గడప తగిలి పడడం, సంతలో పక్కన నడిచేవాళ్లకు భుజం తగలడం, మసక వెలుతురులో మెట్టు తప్పడం లాంటివి జరుగుతుంటే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాం. జాతీయ రహదారి మీద బండి నడిపేవారికి పక్కనుంచి దూసుకొచ్చే వాహనం ఆఖరి క్షణం దాకా కనబడదు.

ఈ పక్కచూపును కొలిచే పరీక్ష ఒకటుంది. దాన్ని ఫీల్డ్ టెస్ట్ అంటాం. గుండ్రటి తెల్లని గిన్నెలాంటి యంత్రం ముందు మనిషిని కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, ఒక కన్ను మూస్తారు. ఎదురుగా మధ్యలో ఉన్న చిన్న దీపం మీద నుంచి చూపు కదపకూడదు. చుట్టూ అక్కడక్కడ చిన్న చిన్న వెలుగులు మెరుస్తుంటాయి. మెరుపు కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. జబ్బు ముదిరినవారు కొంతసేపు నొక్కి, తర్వాత ఊరికే కూర్చుంటారు. "మధ్యలో ఆపేసేరేటి బాబూ, దీపాలు రావట్లేదు" అంటారు. దీపాలు వస్తూనే ఉంటాయి. కాగితం మీద అచ్చు అయి వచ్చిన బొమ్మలో సగానికి పైగా నలుపు. ఆ మనిషి ఆ ఉదయమే ఎవరి సాయమూ లేకుండా బస్సు దిగి, ఆసుపత్రి బోర్డు చదువుకుని లోపలికి వచ్చి ఉంటారు. ఆ నల్ల కాగితం చేతిలో పెట్టి, ఇందులో తెల్లగా ఉన్నదే మీకు మిగిలింది, ఇకమీదట దాన్నే కాపాడుకుందాం అని చెప్పడం వైద్యుడికి చాలా కష్టం. పదేళ్ల ముందు వచ్చి ఉంటే ఆ కాగితం దాదాపు మొత్తం తెల్లగా ఉండేది.

జబ్బు ఉన్నట్టు తెలియకుండానే ముదిరిపోతుందన్న మాట ఊహించి చెప్పడం లేదు. మన తెలుగు నేల మీదే దీన్ని లెక్క కట్టారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 1996 నుంచి 2000 వరకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేసింది. హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పది వేల మందికి పైగా జనం కళ్లు క్షుణ్ణంగా పరీక్షించారు. అందులో హైదరాబాదులో చూసినవారు 2,522 మంది. వారిలో 27 మందికి నొప్పి తెలియని రకం నీటికాసులు ఉన్నట్టు ఖాయంగా తేలింది. ఆ 27 మందిలో తమకు ఈ జబ్బు ఉందని అంతకుముందే తెలిసినవారు ఎంతమందో తెలుసా? ఇద్దరు. మిగతా 25 మందికి ఆ రోజు పరీక్ష చేసేదాకా తెలియదు. మొత్తం 27 మందిలో సగానికి పైగా మందికి అప్పటికే నరం తీవ్రంగా దెబ్బతింది. పెద్ద పెద్ద ఆసుపత్రులున్న రాజధాని నగరంలో పరిస్థితి అది. ఇక మాడుగుల, రావికమతం, గొలుగొండ వైపు కొండవార పల్లెల్లో మన పెద్దవాళ్ల సంగతి మీరే ఆలోచించండి.

ఈ సర్వేలో ఇంకో పాఠం కూడా ఉంది. ఆ 27 మందిలో ఎక్కువమందికి పరీక్ష రోజున కంటి ప్రెషర్ మామూలు హద్దుల్లోనే ఉంది. ప్రెషర్ ఒక్కటే కొలిచి పంపేసి ఉంటే వాళ్లలో చాలామంది జబ్బుతోనే ఇంటికి వెళ్లిపోయేవారు.

నీటికాసుల్లో రకాలున్నాయి. ఇంతసేపూ చెప్పింది నీరు పోయే కోణం తెరిచే ఉండి, లోపలి దారి మందగించే రకం. రెండో రకంలో ఆ కోణమే ఇరుకై మూసుకుపోతుంది. ఇది ఆసియా దేశాల్లో ఎక్కువ. ఆడవారిలో, కన్ను చిన్నదిగా ఉండి ప్లస్ పవర్ అద్దాలు వాడేవారిలో ఎక్కువ. చాలామందిలో ఇది కూడా చడీచప్పుడు లేకుండానే సాగుతుంది. కొందరిలో మాత్రం ఒక్క రాత్రిలో విరుచుకుపడుతుంది. కన్ను ఎర్రబడుతుంది. కంట్లోనూ తలలో అదే పక్కనా భరించలేని నొప్పి వస్తుంది. వాంతులవుతాయి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. చూపు మంచు కమ్మినట్టు మసకబారుతుంది.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. వాంతులు చూసి పైత్యం అనుకుంటారు. తలనొప్పి చూసి పార్శ్వనొప్పి అనుకుంటారు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు గ్యాస్ ఇంజెక్షన్, నొప్పి మాత్ర ఇస్తారు. కొంచెం ఉపశమనం కలుగుతుంది. రెండు మూడు రోజులు గడిచేసరికి ఆ కంటి చూపు పోతుంది. తలనొప్పి, వాంతులతో పాటు ఒక కన్ను ఎర్రబడి చూపు మసకబారితే అది పొట్ట జబ్బు కాదు. ఆ రాత్రే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గంటల లెక్కన చూపు నిలబడడం, పోవడం జరుగుతుంది. హైదరాబాదు సర్వేలో ఈ కోణం మూసుకుపోయే రకం 12 మందికి బయటపడింది. అందులో ఐదుగురికి ఒక కన్నో, రెండు కళ్లో అప్పటికే పోయాయి. ముందుగానే కనిపెడితే, కంటిపాప చుట్టూ ఉన్న రంగు పొరలో లేజర్‌తో చిన్న రంధ్రం వేసి ఈ దాడి రాకుండా ఆపవచ్చు. కత్తి పెట్టరు, కుట్లు వెయ్యరు, పడక అక్కర్లేదు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు.

మూడోది, వేరే కారణాల వల్ల వచ్చే నీటికాసులు. వీటిలో కొన్నింటిని మనమే చేతులారా తెచ్చుకుంటున్నాం.

మొదటి కారణం ముదిరిపోయిన శుక్లం. పండాలి, పండాలి అని ఏళ్ల తరబడి వదిలేసిన శుక్లం కంట్లోనే ఉబ్బి కోణాన్ని మూసేస్తుంది. లేదా లోపల కరిగి నీరు పోయే దారులను పూడ్చేస్తుంది. ఆపరేషన్‌తో హాయిగా తిరిగి రావలసిన చూపు శాశ్వతంగా పోతుంది. శుక్లం పండే దాకా ఆగమని ఈ రోజుల్లో ఏ కంటి డాక్టరూ చెప్పడు. అది పాతకాలపు పద్ధతి. రోజువారీ పనికి చూపు చాలడం లేదు అనిపిస్తే ఆపరేషన్‌కు అదే సమయం.

రెండో కారణం స్టెరాయిడ్ చుక్కలు. ఎండలు ముదిరే వేళ మన పిల్లల్లో చాలామందికి కళ్ల దురద వస్తుంది. నలిపి నలిపి కళ్లు ఎర్రబడతాయి. ఒకసారి డాక్టరు రాసిన చుక్కలు వేస్తే రెండు రోజుల్లో కన్ను తెల్లగా అవుతుంది. ఆ తర్వాత తల్లి ఆ ఖాళీ సీసా పట్టుకుని మందుల షాపుకి వెళ్లి "ఇదే ఇవ్వండి" అంటుంది. అలా నెలలు గడుస్తాయి, ఏళ్లు గడుస్తాయి. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్ అని తెలుసుకోండి. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందే. చెప్పకుండా నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెంచి నరాన్ని చంపేస్తుంది. బడిలో ముందు బెంచీలో కూర్చునే పిల్లవాడు పదహారేళ్లకే చూపు పోగొట్టుకోవడం కన్నా విషాదం ఇంకేముంటుంది? మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి, చర్మవ్యాధులకు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు దీర్ఘకాలం తీసుకునేవారు కూడా కంటి ప్రెషర్ చూపించుకోవాలి. అయితే ఈ మాట విన్నామని ఆ మాత్రలు ఒక్కసారిగా మానేయకండి. రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడండి.

మూడోది దెబ్బలు. చెరుకు తోటలో ఆకు అంచు కొట్టుకోవడం, ఎద్దు కొమ్ము తగలడం, పిల్లల ఆటలో బిళ్ల వచ్చి తగలడం, దీపావళి మందుగుండు. గాయం మానిపోయి, ఏళ్లు గడిచాక కూడా ఆ కంట్లో ప్రెషర్ పెరగవచ్చు. నాలుగోది అదుపు తప్పిన షుగరు. దానివల్ల కంట్లో పుట్టే కొత్త రక్తనాళాలు కోణాన్ని కప్పేస్తాయి. ఆ రకాన్ని లొంగదీయడం చాలా కష్టం.

ఇక పసిపిల్లల సంగతి. నీటికాసులు ముసలివారికే వస్తాయన్నది పొరపాటు. పుట్టుకతో వచ్చే రకం ఉంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒక బిడ్డకు ఇది వస్తున్నట్టు 1998లో అంచనా కట్టారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. మేనరికాలు, దగ్గర సంబంధాలు దీనికి ఒక ముఖ్య కారణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు బిడ్డకు చేరితే ఈ జబ్బు వస్తుంది. దీనికి కారణమైన జన్యువుల్లో ఒకదాని మీద హైదరాబాదులోనే మంచి పరిశోధన జరిగింది. ఇలాంటి పసికందులకు శస్త్రచికిత్సలో చేసిన కృషికే అక్కడి వైద్యుడు డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది.

దీన్ని గుర్తుపట్టవలసింది మాత్రం ఇంట్లోవాళ్లే. బిడ్డకు చారడేసి కళ్లు అని మనం మురిసిపోతాం. కళ్లు పెద్దవిగా ఉండడమే కాక, బిడ్డ వెలుతురు చూడలేక ముఖం దాచుకుంటున్నా, కళ్ల వెంట ఊరికే నీరు కారుతున్నా, నల్లగుడ్డు మసకగా, నీలిగా కనిపిస్తున్నా, దిష్టి తీసి ఊరుకోకండి. నెలల బిడ్డ అయినా సరే, రోజుల బిడ్డ అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లలకు చుక్కలతో సరిపోదు, ఆపరేషన్ కావాలి. సమయానికి చేస్తే చాలామంది బిడ్డలు బడికి వెళ్లి చదువుకోగలుగుతారు.

ఎవరు జాగ్రత్తపడాలి? 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఒకసారి పూర్తి కంటి పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. షుగరు ఉన్నవారు, ఎక్కువ మైనస్ పవర్ అద్దాలున్నవారు, స్టెరాయిడ్లు వాడేవారు, కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలినవారు ఇంకా ముందుగానే వెళ్లాలి. అందరికన్నా ముఖ్యంగా తల్లికో తండ్రికో, అన్నకో చెల్లికో నీటికాసులు ఉన్నవారు. రక్తసంబంధీకులకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

కళ్లజోళ్ల షాపులో పవర్ చూపించుకున్నంత మాత్రాన ఇది బయటపడదు. ఆసుపత్రిలో కంట్లో మొద్దుబార్చే చుక్క వేసి ప్రెషర్ కొలుస్తారు, నొప్పి ఉండదు. చిన్న అద్దం ఆనించి కోణం తెరిచి ఉందో లేదో చూస్తారు. కంటిపాప పెద్దదయ్యే మందు వేసి నరాన్ని చూస్తారు. అనుమానం ఉంటే ఫీల్డ్ టెస్ట్, నరం మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్ చేస్తారు. పరీక్ష అయ్యాక మీ డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. నా కంటి ప్రెషర్ ఎంత ఉంది? నా కంటి నరం ఎలా ఉంది? నా కంటి కోణం తెరిచి ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితేనే మీకు పూర్తి పరీక్ష జరిగినట్టు. ఆ జవాబులు కాగితం మీద రాయించుకుని దాచుకోండి. మన అనకాపల్లి నుంచి విశాఖకు గంట, గంటన్నర ప్రయాణం. అక్కడ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఆసుపత్రి ఉంది. ఉచితంగా చూసే ధర్మాసుపత్రులున్నాయి. దూరం సాకు కాకూడదు.

చికిత్స విషయానికి వస్తే, పోయిన చూపును తెచ్చే చికిత్స లేదు గానీ, ఉన్న చూపును జీవితాంతం నిలబెట్టే చికిత్స ఉంది. ప్రెషర్ తగ్గించడమే ఆ చికిత్స. స్వీడన్‌లో ఏళ్ల తరబడి జరిగిన ఒక అధ్యయనంలో ప్రెషర్ ఒక్క పాయింటు తగ్గినా జబ్బు ముదిరే ముప్పు దాదాపు పది శాతం తగ్గుతుందని తేలింది. తగ్గించడానికి మూడు దారులున్నాయి: చుక్కలు, లేజర్, ఆపరేషన్.

ఎక్కువమందికి చుక్కలతోనే సరిపోతుంది. కొన్ని మందులు రోజుకు ఒక్కసారి రాత్రిపూట, కొన్ని రోజుకు రెండుసార్లు వెయ్యాలి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ చుక్కలు వేస్తే చూపు పెరగదు. ఏ తేడా తెలియదు. రెండు నెలలు వేశాక మనిషికి విసుగొస్తుంది. "ఏటి బాబూ, కన్ను బాగానే అగుపడతంది కదా, ఇంకా ఈ మందెందుకు?" అని మానేస్తారు. కన్ను బాగా కనిపిస్తున్నది ఆ మందు వల్లే. షుగరు మాత్రను ఎలా రోజూ వేసుకుంటామో దీన్నీ అలాగే వెయ్యాలి. జాతర వచ్చినా, పెళ్లికి వెళ్లినా, కూలి పనికి హైదరాబాదు, చెన్నై వెళ్లినా చుక్కల సీసా వెంట ఉండాలి.

చుక్క వేసే తీరు కూడా సరిగ్గా ఉండాలి. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగి, అక్కడ ఏర్పడిన సందులో ఒక్క చుక్క వదలాలి. సీసా మొన కంటికీ రెప్పకూ తగలకూడదు. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికి కారిపోయేదే. చుక్క పడ్డాక కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. అలా చేస్తే మందు గొంతులోకి, రక్తంలోకి పోకుండా కంట్లోనే పనిచేస్తుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. మూత తీసిన సీసాను నెల దాటాక వాడకూడదు. పరీక్షకు వెళ్లే రోజున కూడా చుక్కలు మానకూడదు. మందు ఎంత పనిచేస్తోందో డాక్టరు చూడవలసింది ఆ రోజే.

ఒక హెచ్చరిక. ఉబ్బసం ఉన్నవారు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారు ఆ సంగతి కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. టిమొలాల్ అనే చుక్కల మందు వారికి ప్రమాదం తెస్తుంది, బదులుగా వేరే మందు ఇస్తారు. ఒక చుక్క వల్ల కళ్లు ఎర్రబడినా, మండినా మానేసి ఇంట్లో కూర్చోకండి. వెళ్లి చెబితే మారుస్తారు. ఖర్చు భారమైతే అదీ చెప్పండి. జన ఔషధి దుకాణాల్లో జెనరిక్ మందులు తక్కువ ధరకు దొరుకుతాయేమో అడగండి. తేనె, ఉల్లిరసం, ఆకు పసర్లు మాత్రం కంట్లో పొయ్యకండి.

నెల నెలా మందు కొనలేనివారికి, చుక్కలు వెయ్యడానికి ఇంట్లో ఎవరూ లేని ఒంటరి పెద్దలకు లేజర్ ఒక వరం. బ్రిటన్‌లో కోణం తెరిచి ఉన్న రకానికి మొదటి చికిత్సగా లేజర్ ఇచ్చి చూసిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. లేజర్ చేయించుకున్నవారిలో నాలుగింట మూడు వంతుల మందికి మూడేళ్ల పాటు చుక్కల అవసరమే రాలేదు. అందరికీ పనికొస్తుందని కాదు, మీకు పనికొస్తుందేమో అడగండి.

చుక్కలతో, లేజర్‌తో ప్రెషర్ దిగకపోతే ఆపరేషన్. కంటి లోపలి నీరు బయటికి పోవడానికి పై రెప్ప కింద కొత్త దారి చేస్తారు. ఇది 1968 నుంచి ప్రపంచమంతటా చేస్తున్న పద్ధతి. కొందరికి సన్నని గొట్టం అమరుస్తారు. ఇక్కడ మన ఇళ్లలో ఒక అపార్థం వస్తుంది. పక్క మంచం మీద శుక్లం ఆపరేషన్ చేయించుకున్నామె మర్నాడు కట్టు విప్పగానే మనవడిని గుర్తుపట్టి నవ్వుతుంది. నీటికాసుల ఆపరేషన్ చేయించుకున్నవారికి కట్టు విప్పినా చూపు పెరగదు. "డబ్బులు దండగ, ఆపరేషన్ చెడిపోయింది" అంటారు ఇంట్లోవాళ్లు. చెడిపోలేదు. ఆ ఆపరేషన్ చేసేది చూపు తెప్పించడానికి కాదు, మిగిలింది పోకుండా ఆపడానికి. ఆపరేషన్ అయ్యాక కూడా చెప్పిన తేదీలకు తప్పకుండా చూపించుకోవాలి. ఆ కన్ను ఎప్పుడు ఎర్రబడినా, చీము కనిపించినా ఆ రోజే వెళ్లాలి.

ఇప్పటికే ఒక కన్ను పోయినవారికి నా విన్నపం: రెండో కన్ను ఇంకా ఉంది, దాన్ని వదలకండి. రెండు కళ్లలోనూ చాలావరకు పోయినవారికి మిగిలిన చూపును వాడుకునే అద్దాలు, నడిచే కర్ర, శిక్షణ ఉన్నాయి. సదరం వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే పింఛను అడగవచ్చు. చీకటి పడితే ఇంట్లో వెలుతురు ఎక్కువ ఉంచండి, నడిచే దారిలో పీటలు, బిందెలు పెట్టకండి.

చివరిగా ఈ జబ్బు ఉన్నట్టు ఇప్పటికే తెలిసినవారితో ఒక మాట. మీరు మందు వాడుతున్నారు, మంచిదే. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, 40 దాటిన మీ పిల్లలు? వారిలో ఒకరికైనా ఈ జబ్బు లోపల మొదలై ఉండవచ్చు. వారికి ఆ సంగతి చెప్పగలిగింది మీరే. అత్తవారింటికి వెళ్లిన చెల్లెలు చోడవరంలో ఉన్నా, నర్సీపట్నంలో ఉన్నా ఫోను చెయ్యండి. నూకాలమ్మ జాతరకు కొత్త అమావాస్యకు అందరూ ఇంటికి వస్తారు కదా, పండగ అయ్యాక అంతా కలిసి ఒక్క పూట విశాఖ వెళ్లి చూపించుకోండి. ఏటా మార్చిలో ప్రపంచ గ్లకోమా వారం జరుపుతారు. మన జాతర కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. బెల్లం మార్కెట్‌లో కొలగార్లు, కళాసీలు, లారీ డ్రైవర్లు, బడి పంతుళ్లు, ఆశా కార్యకర్తలు, మందుల షాపుల యజమానులు, మీరు రోజూ ఎంతోమందితో మాట్లాడతారు. 40 దాటిన ప్రతి మనిషినీ "కంటి నరం చూపించుకున్నావా?" అని అడగండి. లేదంటే ఈ నెలలోనే వెళ్లమని గట్టిగా చెప్పండి.

మందు ఉంది, యంత్రాలున్నాయి, డాక్టర్లున్నారు. సమయానికి ఆసుపత్రి మెట్లెక్కడం ఒక్కటే మన చేతిలో పని. ఆ పని మీ ఇంటినుంచే మొదలుపెట్టండి.